గదికి గడియ ఉందా? ఆపరేషన్ తర్వాత ఇంటి దగ్గర కోలుకోవడం గురించి

సోంపేట దగ్గర పల్లె నుంచి ఒక ట్రాన్స్ చెల్లి అడిగింది. వయసు 26. పలాసలో జీడిపప్పు పనికి వెళ్తుంది. వచ్చే నెల హైదరాబాదులో వజైనోప్లాస్టీకి, అంటే కొత్తగా యోని చేసే ఆపరేషన్‌కి, మన వాడుకలో లింగమార్పిడికి, డేటు ఇచ్చారు. తోడుగా వాళ్లమ్మ వెళ్తోంది. ఏమేం సిద్ధం చేసుకోవాలి, నొప్పి ఎన్నాళ్లుంటుంది, ఇంట్లో నేల మరుగుదొడ్డి మాత్రమే ఉంటే ఎలా, అమ్మ పథ్యం పెడతానంటోంది, పెట్టనివ్వాలా, మళ్లీ పనిలోకి ఎప్పుడు వెళ్లొచ్చు. ఇవీ ఆమె ప్రశ్నలు.

నేను విజయనగరంలో ఉంటాను. నాకు ఈ ఆపరేషన్ అయి తొమ్మిదేళ్లు దాటింది. ఆ తర్వాత మనవాళ్లు ఆరుగురికి తోడున్నాను, కొందరికి ఆసుపత్రిలో, కొందరికి ఇంటి దగ్గర. డాక్టర్ని కాను. నీ సర్జన్ రాసిచ్చిన కాగితంలో నేను చెప్పినదానికి తేడాగా ఏదైనా ఉంటే ఆ కాగితం ప్రకారమే నడుచుకో.

చెల్లీ, నువ్వు అడగనిది ముందు నేను అడుగుతాను. నువ్వు పడుకునే గదికి లోపల గడియ ఉందా?

నవ్వుకోకు. ఆపరేషన్ డాక్టరు ఐదారు గంటల్లో చేసేస్తారు. ఆ తర్వాత మూడు నెలలు ఆ పనిని నిలబెట్టాల్సింది నువ్వూ, నీ ఇల్లూ. లోపల కుక్కిన గుడ్డ (ప్యాకింగ్) సాధారణంగా ఐదు నుంచి ఏడు రోజులకి తీస్తారు. తీసిన రోజు నుంచే డైలేషన్ మొదలు. కొత్తగా చేసిన దారిని మన ఒళ్లు గాయంగానే చూస్తుంది, గాయం మానినట్టే దాన్నీ మూసేయాలని చూస్తుంది. అలా మూసుకోకుండా డైలేటర్లు, అంటే రకరకాల సైజుల్లో ఉండే నున్నటి కడ్డీలు, లోపల పెట్టుకోవాలి. అదే డైలేషన్. మొదటి మూడు నెలలు ఎక్కువమంది సర్జన్లు రోజుకి మూడుసార్లు చెయ్యమంటారు, ఒక్కోసారి పావుగంట నుంచి 20 నిమిషాలు. ముందు చేతులు కడుక్కుని, కింద షీటు పరుచుకుని, అయ్యాక డైలేటర్ కడిగి, నువ్వు కడుక్కుని, ప్యాడ్ మార్చుకునేసరికి ముప్పావుగంట దాటుతుంది. అంటే రోజుకి రెండు గంటలపైనే తలుపేసుకుని ఉండాలి. తర్వాత రోజుకి రెండు, ఆ తర్వాత ఒకటి, ఏడాది దాటాక వారానికి ఒకటి రెండుసార్లకి తగ్గుతుంది. పూర్తిగా మానెయ్యడం మాత్రం ఉండదు.

మన ఊళ్లలో రెండు గదుల ఇళ్లు, ఎప్పుడూ తీసి ఉండే తలుపులు, చెప్పాపెట్టకుండా లోపలికొచ్చే పిన్నమ్మలు. అక్కడ రోజుకి మూడుసార్లు ఈ పని ఎలా చేస్తావని ఏ ఆసుపత్రిలోనూ అడగరు. నన్నూ అడగలేదు. రెండో నెలలో మా చిన్నాన్న కూతురి పెళ్లి వచ్చింది. ఇల్లంతా చుట్టాలు. నా గదికి తెర తప్ప తలుపు లేదు. తొమ్మిది రోజులపాటు అర్ధరాత్రి అందరూ పడుకున్నాక ఒక్కసారే చేశాను. పదో రోజు అంతకుముందు సాఫీగా వెళ్లే సైజు సగం దగ్గరే ఆగిపోయింది. మళ్లీ చిన్న సైజు దగ్గర మొదలుపెట్టి, రెండు వారాలు ఏడుస్తూ చేశాను. పోయిన లోతులో కొంతే తిరిగొచ్చింది, కొంత ఇప్పటికీ రాలేదు.

అందుకే వడ్రంగిని పిలిచి గడియ పెట్టించు. కిటికీకి మందంగా గుడ్డ కట్టు. పొద్దున్నే ఒకసారి, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒకసారి, రాత్రి ఒకసారి అని అమ్మతో కలిసి టైము ఖాయం చేసుకో. ఆ టైములో గుమ్మం దగ్గర అమ్మ కూర్చుంటుంది. ఎవరైనా వస్తే "కడుపు ఆపరేషనయింది, డ్రెస్సింగ్ చేసుకుంటోంది" అంటే చాలు. డ్రెస్సింగ్ అనే మాటకి మనవాళ్లు తెగ భయపడతారు, ఇంకో ప్రశ్న వెయ్యరు.

ఇదంతా ఇంట్లో సాధ్యం కాదని నీ మనసుకి గట్టిగా అనిపిస్తే, ఇప్పుడే, డేటుకి ముందే, సర్జన్‌తో ఒక మాట అను. లోపల దారి చెయ్యకుండా బయటి రూపం మాత్రమే చేసే ఆపరేషన్ కూడా ఉంది, జీరో డెప్త్ అంటారు. దానికి డైలేషన్ ఉండదు, కోలుకోవడం తేలిక. తర్వాత లోపలి దారి కావాలనుకుంటే మాత్రం కష్టం. అందరికీ అది నప్పుతుందని అనను. అలాంటిది ఒకటుందని నాకు ముందు తెలిస్తే బాగుండేది, అంతే.

చేసే పద్ధతి నర్సు చూపిస్తుంది. సిగ్గుపడకుండా రెండుసార్లు చూపించమను, ఆమె ఎదుటే నువ్వు చేసి చూపించు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, వీపు కింద దిండు పెట్టుకుని, చేతి అద్దం కాళ్ల మధ్య నిలబెట్టుకోవాలి. జెల్లీ ధారాళంగా రాయి, పొదుపు చెయ్యకు. నీటి ఆధారిత జెల్లీ వాడాలి. ఇంట్లో కొబ్బరినూనె ఉంది కదా అని అది పూసుకోకు. ఊపిరి నిండా తీసుకుని వదులుతున్నప్పుడు మెల్లగా పెట్టాలి. బిగుతుగా, లోపల ఏదో నొక్కుతున్నట్టు ఉండటం మామూలే. కత్తితో కోసినట్టు నొప్పొస్తే ఆపి, కాసేపు ఊరుకుని, చిన్న సైజుతో మొదలుపెట్టు. బలవంతంగా తొయ్యడం మాత్రం ఎప్పుడూ వద్దు. డైలేటర్‌కి చిన్న చిన్న నెత్తుటి చారలు అంటడం మొదట్లో ఉంటుంది. కడగడానికి సబ్బు, గోరువెచ్చటి నీళ్లు చాలు. మరిగే నీళ్లలో వేస్తే ప్లాస్టిక్ పగుళ్లిస్తుంది.

ఇప్పుడు నీ ఊరి సంగతి. నువ్వు ఉద్దానం పిల్లవి. సోంపేట, కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో కిడ్నీ జబ్బు ఎలా ఉందో నీకు నేను చెప్పక్కర్లేదు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, జనం మాత్రం డయాలసిస్ చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. ఆ జబ్బు చాలాకాలం పైకి ఏమీ తెలియనివ్వదు. కాబట్టి బయలుదేరే ముందు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించు. పలాసలో 2023 డిసెంబరులో తెరిచిన కిడ్నీ ఆసుపత్రి ఉండనే ఉంది. ఆ రిపోర్టు సర్జన్‌కీ, మత్తు డాక్టరుకీ చూపించి, "మాది ఉద్దానం" అని నోరు తెరిచి చెప్పు. హైదరాబాదు డాక్టరుకి నీ ఊరి పేరు చూడగానే ఆ విషయం తట్టాలని లేదు. చాలా మందుల మోతాదు కిడ్నీలను బట్టే ఉంటుంది.

ఇంటికొచ్చాక నొప్పి ఎక్కువైన రాత్రి ఏం జరుగుతుందో కూడా నాకు తెలుసు. అమ్మ కంగారుపడి ఊళ్లో ఆర్ఎంపీని పిలుస్తుంది. ఆయన నొప్పి ఇంజెక్షన్ చేస్తాడు. అది చాలాసార్లు డైక్లోఫెనాక్ అయ్యుంటుంది. అలాంటి నొప్పి మందులు కిడ్నీల మీద భారం వేస్తాయి, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి అసలు పనికిరావు. మెడికల్ షాపువాడు చీటీ లేకుండా ఇచ్చే బిళ్లల్లోనూ అవే ఉంటాయి. డిశ్చార్జి రోజే అడిగి "ఇంటి దగ్గర నొప్పికి ఏం వేసుకోవాలి, రోజుకి ఎన్ని" అని రాయించుకో. పారాసెటమాల్ రాస్తే రాసినన్నే వేసుకో. ఆ చీటీ గోడకి అంటించు, ఆర్ఎంపీగారికి చూపించడానికి.

పథ్యం గురించి అడిగావు. అమ్మ పథ్యం అంటే బాలింత పథ్యమే కదా. నీళ్లు తక్కువ, పప్పు వద్దు చీము పడుతుంది, గుడ్డు వద్దు, పెరుగు వద్దు, వెల్లుల్లి కారంతో వేడన్నం. మన జమాత్‌లో, అంటే హిజ్రాల సంఘంలో, పాత పద్ధతీ దాదాపు ఇలాంటిదే. నిర్వాణం (ఆపరేషన్‌కి మనవాళ్ల పాత పేరు) అయ్యాక 40 రోజులు గది దాటకూడదు, అద్దం చూడకూడదు, తిండికీ నీళ్లకీ బోలెడు కట్టుబాట్లు. మా గురువు నాకు అదే చెప్పింది. "ఏటే, ఇలగ చెంబులు చెంబులు తాగేస్తే కుట్లకి నీరు పట్టెయ్యదా?" అని చెంబు లాక్కునేది. ఆమె ప్రేమని నేను తప్పుపట్టను. కానీ ఫలితం చెబుతాను. మూడో వారంలో నాలుగు రోజులు మోషన్ కాలేదు. ఐదో రోజు ముక్కితే వెనక కుట్లు రెండు తెగి, నైటీ తడిసేంత రక్తం. భయంతో నేనూ, నన్ను చూసి ఆమే ఏడ్చాం.

40 రోజులు విశ్రాంతి అన్న మాట మాత్రం నిజం, ఇప్పటి డాక్టర్లూ ఆరు వారాలంటారు. తీసెయ్యాల్సింది నీళ్ల కట్టుబాటు, పప్పు కట్టుబాటు. పప్పు తింటే చీము పట్టదు, చీము సూక్ష్మక్రిముల వల్ల పడుతుంది. గాయం పూడాలంటే మాంసకృత్తులు కావాలి. పెసరపప్పు, గుడ్డు, చేప, పెరుగు తిను. చోడి (రాగి) అంబలి మంచిది. ఆనపకాయ, బీరకాయ, తోటకూర, బొప్పాయి పెట్టమను. నీళ్లు తాగుతుంటే మోషన్ సాఫీగా అవుతుంది, మూత్రంలో మంట తగ్గుతుంది, కిడ్నీలకీ మేలు. ఒకవేళ నీ క్రియాటినిన్ ఎక్కువని తేలితే ఈ లెక్క మారుతుంది. అప్పుడు పప్పు ఎంత, నీళ్లెంత, కొబ్బరినీళ్లు తాగొచ్చా అన్నది కిడ్నీ డాక్టరే చెప్పాలి. బలమైన నొప్పి మందులు పేగుల్ని మందగింపజేస్తాయి కాబట్టి మోషన్ మెత్తబరిచే సిరప్ ఎలాగూ రాస్తారు. బాగానే ఉంది కదా అని మధ్యలో మానెయ్యకు.

నేల మరుగుదొడ్డి వద్దు. గొంతుక్కూర్చుంటే బరువంతా కుట్ల మీదే పడుతుంది. సర్జికల్ షాపుల్లో కమోడ్ కుర్చీ దొరుకుతుంది, మధ్యలో కన్నం, కింద బకెట్. శ్రీకాకుళంలోనో పలాసలోనో ముందే కొని ఇంట్లో పెట్టి వెళ్లు. మొదట్లో మూత్రం తిన్నగా రాదు, పక్కలకి చిమ్ముతుంది, తొడల మీద పడుతుంది. వాపు తగ్గేకొద్దీ సర్దుకుంటుంది. నాకు దాదాపు రెండు నెలలు పట్టింది. ప్రతిసారీ ముందు నుంచి వెనక్కి కడుక్కుని మెత్తటి గుడ్డతో అద్దుకో, రుద్దకు. నూతి నీళ్లయితే కాచి చల్లార్చినవి ఒక బిందెలో మూతపెట్టి విడిగా ఉంచు. చెరువు స్నానం, సముద్ర స్నానం రెండు మూడు నెలలపాటు మర్చిపో.

బయలుదేరే ముందు చూసుకోవాల్సినవి ఇంకొన్ని. పొగాకు. సిగరెట్టు లేదని ఊరుకోకు, ఖైనీ, గుట్కా, చుట్ట, మన పక్క ఆడవాళ్లు నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ, అన్నిట్లోనూ నికోటిన్ ఉంటుంది. అది సన్నటి రక్తనాళాల్ని బిగించేస్తుంది. అప్పుడు కొత్తగా కుట్టిన చర్మానికి రక్తం అందక నల్లబడి చచ్చిపోతుంది. కనీసం నాలుగు నుంచి ఆరు వారాల ముందు మానాలి. నీకు నెలే ఉంది, అలవాటుంటే ఈరోజే మానెయ్, డాక్టరు దగ్గర దాచకు. రక్తం శాతం చూపించుకో, తక్కువుంటే ఐరన్ ఇప్పుడే మొదలుపెడతారు. హార్మోన్ మందులు ఎప్పుడు ఆపాలి, అసలు ఆపాలా అన్నదానిపై సర్జన్లందరిదీ ఒకే మాట కాదు. కొందరు రక్తం గడ్డకట్టే ప్రమాదమని కొన్ని వారాల ముందు ఆపిస్తారు, కొందరు ఆపక్కర్లేదంటారు. నీ సర్జన్‌నే అడుగు. ఆపరేషన్‌లో వృషణాలు తీసేస్తారు కాబట్టి ఆ తర్వాత మగ హార్మోన్‌ని అణిచే బిళ్ల అవసరం ఉండదు. ఈస్ట్రోజెన్ మాత్రం డాక్టరు చెప్పిన రోజు నుంచి మళ్లీ మొదలుపెట్టి వాడుతూ ఉండాలి, లేకపోతే ఎముకలు గుల్లబారతాయి. "ఆపరేషన్ అయిపోయింది కదా, ఇక మందులెందుకు" అని మానేసినవాళ్లని నేను చూశాను.

సంచిలో పొడుగు ప్యాడ్లు ఎక్కువగా, పక్క మీద వేసే షీట్లు, ముందు గుండీలున్న వదులు నైటీలు నాలుగైదు, థర్మామీటరు, చేతి అద్దం, టార్చి, మధ్యలో కన్నమున్న గాలి దిండు. ఫోన్ ఛార్జర్‌కి పొడుగు వైరుంటే మంచిది, ఆసుపత్రిలో ప్లగ్గు ఎప్పుడూ మంచానికి అటు చివర్నే ఉంటుంది.

ఆసుపత్రిలో ఆ ఐదారు రోజుల గురించి భయపడకు. అందరూ అక్కడే నొప్పి ఎక్కువనుకుంటారు. నిజానికి మందులు బాగా ఇస్తారు, మూత్రానికి పైపు ఉంటుంది, నువ్వు కదిలేది లేదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది నడుము నొప్పి, వెల్లకిలా పడుకుని పడుకుని. పిక్కల్లో రక్తం గడ్డకట్టకుండా పాదాలు గంటకోసారి ముందుకీ వెనక్కీ ఆడిస్తూ ఉండు, లేవమన్న రోజు లేచి నడువు. ప్యాకింగ్ తీసినప్పుడు ఎంతకీ అవ్వని గుడ్డ బయటికి వస్తున్నట్టు వింతగా ఉంటుంది.

మొదటిసారి అద్దంలో చూసుకుంటావు. అప్పుడు ఈ మాట గుర్తుంచుకో. వాచి, కమిలి, నీలంగా, ఒక పక్క పెద్దగా ఒక పక్క చిన్నగా, కుట్లతో దెబ్బ తగిలిన ముఖంలా ఉంటుంది. అది తుది రూపం కాదు. వాపు పెద్దగా తగ్గడానికే మూడు నాలుగు నెలలు, అసలు రూపం తేలడానికి ఏడాది దాకా పడుతుంది. పాతకాలం వాళ్లు 40 రోజులు అద్దం చూడొద్దన్నది ఈ దిగులు పడకుండానేమో. నువ్వు మాత్రం రోజూ చూడు, మార్పు కనిపెట్టడానికి అదొక్కటే దారి.

డిశ్చార్జి అవగానే ఊరికి పరుగెత్తకు. ఇంకో పది పదిహేను రోజులు ఆసుపత్రి దగ్గర్లోనే గది తీసుకుని ఉంటే మంచిది. ఇబ్బందులు ఎక్కువగా అప్పుడే వస్తాయి, వాటి సంగతి తెలిసినవాళ్లు అక్కడున్నారు. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకో. తిరుగు ప్రయాణం ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లోనో మరో రైల్లోనో కింది బెర్తు దొరికితేనే. కూర్చుని రావడం, బస్సులో రావడం వద్దు. రైలెక్కే ముందు ఒకసారి డైలేషన్ చేసుకో, ఇంటికి చేరగానే ఇంకోసారి. రాత్రి మెలకువ వచ్చినప్పుడల్లా లేచి బోగీలో నాలుగడుగులు వెయ్యి. పలాసలో దిగాక కారు మాట్లాడు. షేర్ ఆటోలో ఆ గుంతల రోడ్డు మీద ఎగిరిపడితే తెలుస్తుంది నేనెందుకు చెప్పానో. బండి వెనక కూర్చోవడం, సైకిలు తొక్కడం రెండు మూడు నెలలు లేవు.

ఊరికొచ్చే ముందే శ్రీకాకుళంలోనో టెక్కలిలోనో ఒక సర్జన్‌నో, గైనకాలజిస్టునో కలిసి "ఇలా ఆపరేషన్ చేయించుకుంటున్నాను, అవసరమైతే మీ దగ్గరికి రావచ్చా" అని అడిగి పెట్టుకో. నేను తోడున్న ఒకమ్మాయికి మూడో వారంలో రాత్రిపూట మూత్రం ఆగిపోయింది. దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్తే డ్యూటీ డాక్టరుకి ఏం చెయ్యాలో తోచలేదు. పైగా చూడ్డానికి పక్క వార్డుల నుంచి కూడా జనం వచ్చారు. "వైద్యం చేసేవాళ్లు ఉండండి, మిగతావాళ్లు బయటికి వెళ్లండి" అని గట్టిగా అన్నాను. తర్వాత హైదరాబాదు సర్జన్‌కి ఫోన్ కలిపి డ్యూటీ డాక్టరు చేతిలో పెట్టాను. ఆయన చెబుతుంటే ఈయన పైపు వేశారు, పది నిమిషాల్లో అయిపోయింది. కాబట్టి డిశ్చార్జి సమ్మరీ జిరాక్సు, సర్జన్ టీమ్ ఫోన్ నంబరు ఒక కవర్లో అమ్మ దగ్గర ఎప్పుడూ ఉండాలి. ఒరిజినల్ పెట్టెలో దాచు. 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం కింద కలెక్టరు ఇచ్చే సర్టిఫికెట్‌లో ఆపరేషన్ తర్వాత మార్పు కోసం దరఖాస్తు పెడితే ఆసుపత్రి సూపరింటెండెంట్ ఇచ్చే పత్రం అడుగుతారు. అదీ అక్కడున్నప్పుడే తీసుకో, దానికోసం మళ్లీ హైదరాబాదు వెళ్లడం దండగ.

ఇంటి దగ్గర ఏది మామూలు, ఏది కాదు అన్నది తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. పసుపు, ఎరుపు కలిసిన స్రావం కొన్ని వారాలుంటుంది. కింది చివర కుట్లు కాస్త విడిపోయి చిన్న పుండులా అవడం చాలామందికి జరుగుతుంది, చాలావరకు దానంతటదే పూడుతుంది, సర్జన్‌కి ఫొటో పంపి అడుగు. లోపల ఎర్రటి కండ పెరిగి ముట్టుకుంటే రక్తం వస్తుంటే అది గ్రాన్యులేషన్, డాక్టరు సిల్వర్ నైట్రేట్‌తో తగ్గిస్తారు. ఉన్నట్టుండి కరెంటు షాకులా చుర్రుమనడం నరాలు మళ్లీ అతుక్కుంటున్న గుర్తు. అది రాత్రిపూట నిద్రలోంచి లేపేస్తుంది, లేచి తిట్టుకుని పడుకోవడమే.

వీటికి మాత్రం తెల్లవారేదాకా ఆగకు. గంటలో ప్యాడ్ నిండిపోయేంత రక్తం. 101 డిగ్రీలు దాటిన జ్వరం. మూత్రం రాకపోవడం. ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టడం. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి. చర్మం నల్లబడటం, కుళ్లు వాసన. కొత్త దారిలోంచి గాలి గానీ మలం గానీ రావడం. చివరిది చెప్పుకోడానికి సిగ్గేస్తుంది, అందుకే దాచిపెడతారు. పేగుకీ దారికీ మధ్య కన్నం పడిందేమోనని చూడాల్సిన విషయమది, డైలేషన్ ఆపి వెంటనే సర్జన్‌కి ఫోన్ చెయ్యాలి. ఆయాసం వస్తే ఎవర్నీ అడగక్కర్లేదు, 108కి ఫోన్ చెయ్యి.

తుపానుల గురించి ఒక్క ముక్క, ఎందుకంటే మనది ఆ తీరం. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు నేను వజ్రపుకొత్తూరు దగ్గర ఆపరేషనై మూడు వారాలైన ఒక పిల్ల ఇంట్లో ఉన్నాను. 11వ తేదీ తెల్లవారుజామున పెంకులు లేచిపోయాయి, కొబ్బరిచెట్లు విరిగిపడుతున్న చప్పుడుకి మాట వినపడటం లేదు. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, మోటారు లేదు. ముందురోజు వాళ్లమ్మ ఎందుకైనా మంచిదని నాలుగు బిందెలు నింపి పెట్టింది, అవే కాపాడాయి. డైలేషన్ ఎలా చేసిందంటే, నేను గోడవైపు తిరిగి నిలబడి వెనక్కి చెయ్యి చాపి టార్చి పట్టుకునేదాన్ని. "అప్పా, కొంచెం ఎడమకి, అప్పా, మరీ పైకి" అని అది చెప్పేది. ఇద్దరం నవ్వలేక చచ్చాం, నవ్వితే దానికి కుట్లు నొప్పి. నీ ఆరు వారాలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో పడితే నీళ్లు, టార్చి, రెండు వారాల మందులు, జెల్లీ ఇంట్లో నిల్వ ఉండాలి.

మనసు గురించి. పదో రోజుకో పదిహేనో రోజుకో ఒక పూట వస్తుంది, "ఎందుకు చేయించుకున్నానురా దేవుడా" అని. చాలామందికి వస్తుంది. మత్తు, నొప్పి మందులు, హార్మోన్లు ఆపడం, నిద్ర లేకపోవడం, మంచానికి అతుక్కుపోవడం, అన్నీ కలిసి చేసే పని అది. నేను కోరి చేయించుకున్నదే, అయినా మూడు రోజులు గోడకేసి తిరిగి పడుకున్నాను. ఆ పూట ఏ నిర్ణయానికీ రాకు. వారాలు గడిచినా తగ్గకపోతే, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే, టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి. ప్రభుత్వానిది, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు.

ఒక ట్రాన్స్ తమ్ముడు కూడా మొన్న ఛాతీ ఆపరేషన్, అంటే రొమ్ములు తీసేసే ఆపరేషన్, గురించి అడిగాడు, అతనికి నాలుగు మాటలు. అది దీనికంటే తేలిక. పక్కల్లో డ్రెయిన్ పైపులు వారం దాకా ఉంటాయి. రోజుకి ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో రాసిపెట్టు, అది బాగా తగ్గాకే తీస్తారు. బిగుతు వెస్టు నాలుగు నుంచి ఆరు వారాలు. చేతులు భుజాలకంటే పైకి ఎత్తకూడదు, అంటే నూతిలో నీళ్లు తోడటం, బోరింగు కొట్టడం, చొక్కా తల మీదుగా వేసుకోవడం వద్దు. ఛాతీ ఒక పక్క ఉన్నట్టుండి ఉబ్బి గట్టిపడితే లోపల రక్తం చేరిందేమో, అదే రోజు చూపించాలి.

ఇంకొకటి. ఖర్చు తక్కువని, త్వరగా అయిపోతుందని ఎవరైనా లాడ్జి గదికి రమ్మంటే వెళ్లకు. 2022లో నెల్లూరులో అలాగే ఫార్మసీ చదివే కుర్రాళ్లు లాడ్జిలో ఆపరేషన్ చేస్తే ప్రాణం పోయింది. నీకు మంచి చోటే దొరికింది. ఇది చదివే మిగతావాళ్ల కోసం చెప్తున్నాను.

ఇక పని. ఆఫీసులో కుర్చీ ఉద్యోగాలవాళ్లు ఆరు వారాలకి వెళ్తుంటారు. నీది రోజంతా కూర్చుని చేసే పని, మధ్యలో జీడి పిక్కల బస్తాలు జరపడం. మేస్త్రీకి మూడు నెలలని చెప్పు. ఆరు వారాలదాకా నాలుగైదు కిలోలు మించి ఎత్తకూడదు, నిండు బిందె అంతకంటే చాలా బరువు. మూడో నెలలో పూటపనికి వెళ్లి, గాలి దిండు మీద కూర్చుని, గంటకోసారి లేచి నడిచి చూడు. సాయంత్రానికి వాపు పెరిగితే ఇంకో పదిహేను రోజులు ఆగు. మధ్యాహ్నం డైలేషన్ మానడానికి వీల్లేదన్న రోజుల్లో రోజంతా పనికి వెళ్లడం కుదరదు, అదీ లెక్కలో పెట్టుకో.

పనిలోకి వెళ్లాక జీడి పిక్కల రసం సంగతి చూసుకో. అది చేతి వేళ్లనే కాల్చేస్తుంది, మీ అందరి గోళ్ల చుట్టూ నల్లగా ఉండేది దానివల్లే. ఇంటికొచ్చి ముందు చేతులకి నూనె రాసి తుడిచి, తర్వాత సబ్బుతో రెండుసార్లు కడిగి, గోళ్ల సందులు చూసుకుని, అప్పుడు గడియ వేసుకో.